నర్సమ్మ కూతురి చెయ్యి

ఆ రోజుల్లో బి.ఇడి. పాసైన ప్రతివాళ్ళకూ మనిషి మనసు గురించి ఓ ఏడాదిపాటు అంతా తెలిసి ఉండేది. ఆ తర్వాత ఉద్యోగం వచ్చేది, మెల్లగా మరుపూ వచ్చేది. నా విషయంలో జరిగిన పొరపాటేమిటంటే, పరీక్ష ఫలితాల వెనకే ఉద్యోగం కూడా వచ్చిపడింది. మరిచిపోవడానికి తగినంత వ్యవధి దొరకలేదు. పైగా పిల్లల మనస్తత్వం పేపర్లో మా కాలేజీ మొత్తానికి నావే ఎక్కువ మార్కులు. ఈ సంగతి గొప్పగా చెప్పుకు తిరిగే మనిషిని కాను నేను. (చేరిన మొదటిరోజు మధ్యాహ్నానికే స్టాఫ్ రూములో అందరికీ ఎలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాదు. బహుశా నేనే చెప్పి ఉంటాను.)

మండలాలు కొత్తగా వచ్చిన కాలం అది. కారేపల్లిలో రైలు దిగి, బస్సెక్కి, ఆ బస్సు ఇక నావల్ల కాదని ఆగిపోయిన చోట దిగితే అదే మా హైస్కూలున్న ఊరు. ఇవతల మిరపతోటలు, పత్తిచేలు. అవతల వాగు, వాగు దాటితే అడవి, అడవిలో అక్కడక్కడా గూడేలు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. వైరాలో మా ఇల్లు విడిచి, అమ్మ లేకుండా ఎక్కడా ఉండి ఎరగను. బి.ఇడి. కూడా రోజూ బస్సులో పోయి వస్తూ, అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తింటూ చదివినదాన్ని. నన్ను దించడానికి వచ్చిన నాన్న విచారిస్తే ఊరంతటికీ కిరాయికి దొరికే గదులు రెండే తేలాయి. ఒకటి ఎరువుల కొట్టు వెనక, ఇంకొకటి నర్సమ్మ ఇంట్లో. ఎరువుల కొట్టు గదిలో ఎరువులు కూడా ఉన్నాయి. అందుకని నర్సమ్మ ఇల్లు ఖాయమైంది.

నర్సమ్మ అంటే సర్కారు నర్సు. ఆ ఊరికీ, చుట్టుపక్కల ఊళ్ళకూ, వాగవతలి గూడేలకూ సూదులు, కాన్పులు, జ్వరం బిళ్ళలు, గజ్జి మందు అన్నీ ఆవిడ చేతిమీదుగానే. భర్త లారీ డ్రైవరు, వచ్చినప్పుడు వచ్చినట్టు. నాన్న బస్సెక్కేముందు, "మా పిల్లకు వంట కూడా సరిగ రాదమ్మా, జర చూసుకోండ్రి" అన్నాడు. నర్సమ్మ దీన్ని సర్కారు ఉత్తర్వు కింద తీసుకుంది. మొదటిరోజు నేను టీచరమ్మను. మర్నాటికల్లా బిడ్డనైపోయాను. "ఏంది బిడ్డా, గిట్ల పుల్ల లెక్కున్నవ్? బడిల పిల్లలు నిన్ను చూసి భయపడాల్నా, నువ్వు వాళ్ళను చూసి భయపడాల్నా?" అంటూ నా కంచంలో ఇంకో గరిటెడు కూర వేసేది. ఆదివారం వస్తే వేడినీళ్ళు కాచి, నన్ను పీట మీద కూచోబెట్టి, తలకు నూనె మర్దన చేసేది. ఊళ్ళో ఎందరినో ఈ లోకంలోకి లాగిన చేతులు అవి. ఆ చేతుల కింద నాకు సగం నిద్ర పట్టేది.

ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉండేది. నర్సమ్మ కూతురు. మా బళ్ళోనే పదో తరగతి. నాకంటె జానెడు పొడుగు, నాకు రెండింతల బలం. వాళ్ళమ్మ నా తలకు నూనె పెడుతున్నంతసేపూ ఆ పిల్ల గడప మీద కూచుని తన జడ తానే వేసుకునేది. నీళ్ళు తానే చేదేది, బియ్యం తానే కడిగేది, బట్టలు తానే ఉతుక్కునేది. చిన్న వయసులోనే ఇంత స్వశక్తి ఎంత ముచ్చటైన విషయం అని నేను మెచ్చుకున్నాను. వాళ్ళమ్మతోనూ అన్నాను. "దానికేంది బిడ్డా, అది రాయి. పుట్టినకాడికెళ్ళి ఒక్కనాడు జరం రాలె. దాని గురించి నాకు రంది లేదు" అంది నర్సమ్మ, నా జుట్టు పాయలు విడదీస్తూ. గడప మీద టప్పుమని చప్పుడైంది. చూస్తే దువ్వెన పళ్ళు రెండు విరిగి ఉన్నాయి. దువ్వెన నాసిరకం అనుకున్నాను.

బళ్ళో ఆ పిల్లను అందరూ 'ఎస్సై' అనేవాళ్ళు. ముందు కొట్టి, తర్వాత సంగతేమిటని అడుగుతుందని ఆ పేరు. నీళ్ళపంపు దగ్గర తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి కొట్టింది. ప్రార్థన వరసలో పక్కనున్న పిల్లను జామెట్రీ బాక్సుతో కొట్టింది. ఆడా మగా, పెద్దా చిన్నా అనే తేడా చూపేది కాదు. ఆ విషయంలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. ఓ రోజు హెడ్మాస్టరు గారు నన్ను గదికి పిలిచారు. ఆయనది మధిర వైపు, చాలా మెత్తటి మనిషి, పిల్లల్ని తిట్టాలన్నా 'నాయనా' అని మొదలుపెట్టేవారు. "అమ్మా, మీకు పిల్లల మనస్తత్వంలో మంచి మార్కులొచ్చాయని విన్నాను. ఆ ఇంట్లోనే ఉంటున్నారు కూడా. కాస్త ఆ అమ్మాయి సంగతేమిటో తేల్చండి. లేకపోతే పరీక్షల దాకా కూడా ఉంచలేను" అన్నారు. అక్కడే ఉన్న లెక్కల సారు బెత్తంతో వీపు గోక్కుంటూ, "తేల్చేదేముంది సార్, నాలుగు తగిలిస్తే అదే తేల్తది" అన్నారు. "రెండేళ్ళనుంచి మీరు తగిలిస్తూనే ఉన్నారు కదండీ" అన్నారు హెడ్మాస్టరు గారు. లెక్కల సారు బెత్తాన్ని ఓసారి ఎగాదిగా చూసుకున్నారు.

నేను శాస్త్రీయంగా మొదలుపెట్టాను. ముందు సూటిగా అడగాలి.

"ఎందుకు కొట్టినవ్?"

"కొట్టబుద్దయింది టీచర్."

"ఎందుకు కొట్టబుద్దయింది?"

"వాడు ఎదురుంగొచ్చిండు."

పాఠ్యపుస్తకంలో ఈ జవాబు తర్వాత ఏమడగాలో రాయలేదు. చూపు మందగించిన పిల్లలకు చిరాకు ఎక్కువని ఎక్కడో చదివాను కాబట్టి, దూరంగా నిలబెట్టి నల్లబల్ల మీద రాసింది చదవమన్నాను. చదివింది. అందులో నేను చేసిన అక్షరదోషం కూడా చెప్పింది. కారం ఎక్కువ తింటుందేమోనని గమనించాను. ఆ జిల్లాలో కారం ఎక్కువ తిననివాళ్ళు ఎవరూ కనిపించలేదు. చివరికి, ఇలాంటి పిల్లలకు బాధ్యత అప్పజెప్పాలనే సూత్రం గుర్తొచ్చి క్లాసు లీడర్ని చేశాను. అంతకుముందు ఊరికే కొట్టేది. ఇప్పుడు అధికారికంగా కొట్టసాగింది. వారం తిరక్కుండానే లీడర్ పదవి తీసేశాను. తీసేసినందుకు ఇంకొకరికి పడ్డాయి.

ఇదంతా ఇలా ఉంటే, ఇంట్లో సాయంత్రాలు ఇంకోలా ఉండేవి. నర్సమ్మ పొద్దుగూకే వేళకు ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుంటూ కూతుర్ని అడిగే మొదటిమాట ఎప్పుడూ ఇలాంటిదే.

"దర్జీ వాళ్ళ పిల్లగానికి నిన్న సూదిచ్చిన. జరం తగ్గిందా? బడికొచ్చిండా?"

"వచ్చిండు."

"మంచిగున్నడా? మొఖం గుంజుకపోయి ఉండె పాపం."

"మంచిగనే ఉన్నడు."

మర్నాడు దర్జీ వాళ్ళ పిల్లవాడు అంత మంచిగా ఉండేవాడు కాదు. ముక్కు పట్టుకుని మళ్ళీ నర్సమ్మ దగ్గరికే పోయేవాడు. పంపు కాడ జారిపడ్డానని చెప్పేవాడు (నిజం చెబితే రెండోసారి కూడా జారిపడాల్సి వస్తుందని వాడికి తెలుసు). ఆవిడ దూది పెట్టి, వీపు నిమిరి, చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపేది. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ, "వాని ముక్కెట్లుందే?" అని అడిగేది. ఇలా ఒకే పిల్లవాడు బడికీ నర్సమ్మకూ మధ్య పలుమార్లు తిరిగిన సందర్భాలున్నాయి. నేను పక్కనే కూచుని, ఆ మాటలన్నీ వింటూ, రెండో గరిటె కూర తింటూ, ఈ పిల్ల కోపానికి మూలకారణం ఏమై ఉంటుందా అని లోతుగా ఆలోచించేదాన్ని. నర్సమ్మకు విషయం చెబుదామని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను కూడా. తెరిచినప్పుడల్లా, "తిను బిడ్డా" అని ఏదో ఒకటి వడ్డించేది.

దసరా సెలవులు అయిపోయి వచ్చాక నాకు మలేరియా తగులుకుంది. అడివి పక్క ఊరికి వచ్చిన కొత్త ఉద్యోగులందరికీ అది మామూలేనట. నర్సమ్మ సెలవు పెట్టి మరీ నా మంచం పక్కన కూచుంది. నుదుటి మీద తడిగుడ్డలు మార్చింది. నేను 'అమ్మా' అని మూలిగినప్పుడల్లా "ఉన్న బిడ్డా, ఈన్నే ఉన్న" అంది. కళ్ళు తెరిచినప్పుడల్లా ద్వారబంధానికి ఆనుకుని ఆ పిల్ల నిలబడి కనిపించేది. ఊరికే చూసేది. జ్వరం దిగిన రోజు తనే జావ తెచ్చి ఇచ్చింది.

"జరం తగ్గిందా టీచర్?"

"తగ్గింది."

"మరి మీరెప్పుడు పోతరు?"

"సోమవారం నుంచి వస్తాను బడికి."

"బడికి కాదు. మీ ఇంటికి."

పాపం, నా ఆరోగ్యం గురించి ఎంత బెంగ పెట్టుకుందో అనుకుని కళ్ళు చెమర్చాయి నాకు. మార్కులు మంచివే వచ్చాయని ముందే మనవి చేశాను.

ఆ సోమవారమే జరిగింది. సర్పంచి గారి తమ్ముడి కొడుక్కు వీపు మీద గడ్డ లేస్తే నర్సమ్మ రోజూ కట్టు కడుతూ ఉంది. వాడి ముందరి పన్ను సగం విరిగింది. వాళ్ళ నాన్న బడికొచ్చి వరండాలో నిలబడి, "ఆడపిల్లనా అది, అడివి దున్ననా? టి.సి. చేతిల పెట్టి పంపున్రి సార్. లేకుంటె ఊరే చూస్కుంటది" అని అరిచి వెళ్ళాడు. పదో తరగతిలో, సగం ఏడాది గడిచాక టి.సి. అంటే ఆ పిల్ల చదువు అక్కడితో ఆఖరన్నమాటే. హెడ్మాస్టరు గారు నర్సమ్మకు కబురు పెట్టారు. ఆవిడ మందుల సంచీ భుజానేసుకుని వచ్చింది. గదిలో హెడ్మాస్టరు గారు, లెక్కల సారు, నేను, గోడకు ఆనుకుని ఆ పిల్ల.

"అమ్మా, మీ అమ్మాయి గురించి..." అని మొదలుపెట్టారు హెడ్మాస్టరు గారు.

"సార్, మీ కాళ్ళు వాచినయి" అంది నర్సమ్మ. "చెప్పులు ఎట్ల పట్టేసినయో చూడున్రి. ఉప్పు తగ్గించమని పోయినసారే చెప్పిన గదా."

హెడ్మాస్టరు గారు తన పాదాల వైపు చూసుకుని, ఊరగాయ మానలేకపోతున్నానని ఒప్పుకున్నారు. తర్వాత గుర్తొచ్చి అసలు సంగతి చెప్పారు. పేరు పేరునా చెప్పారు. వింటున్నకొద్దీ నర్సమ్మ ముఖంలో నెత్తురు తగ్గింది.

"దర్జీ వాళ్ళ పిల్లగాడా? పంపు కాడ జారిండన్నడు?"

"జారలేదమ్మా."

"బస్టాండు కాడ హోటలోళ్ళ పిల్ల? మెట్ల మీంచి పడ్డదే?"

"మన బడికి మెట్లెక్కడున్నాయమ్మా."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "ఎందుకే?" అంది. అంత చిన్న గొంతుతో నర్సమ్మ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ పిల్ల పెదవులు కదిలాయి. జవాబు వస్తోందని నేను కుర్చీలో ముందుకు వంగాను. సరిగ్గా అప్పుడే వరండాలో సైకిల్ పడేసిన చప్పుడు, వెంటనే గుమ్మంలో చెమటలు కారుతున్న ఒక గూడెం మనిషి. "నర్సమ్మా, జల్దీ రా! మా ఆడామెకు పొద్దుగాలకెళ్ళి నొప్పులు. ఇంక కాన్పు గాలె!"

నర్సమ్మ లేచింది. ఆవిడ కాళ్ళకు అలాంటి కేకలు అలవాటు. సంచీ భుజానికెత్తుకుంటూ, "సార్, రేపొచ్చి మాట్లాడ్త. ఏయ్, పొద్దుగూకేసరికి వంట చెయ్యి. టీచరమ్మకు జావ కాచు, ఇంకా నీరసంగున్నది" అని గుమ్మం దాటింది.

ఆ పిల్ల మా ముగ్గుర్నీ వరసగా చూసింది. హెడ్మాస్టరు గారు పెద్దాయన. లెక్కల సారు చేతిలో బెత్తం ఉంది. నా దగ్గర ఆ చూపు కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఆ తర్వాత పక్కకు తిరిగి, హెడ్మాస్టరు గారి ఇనప బీరువాను గుద్దింది.

పాత బీరువా, పలచటి రేకు. తలుపు లోపలికి సొట్టపోయింది. మణికట్టు దగ్గర ఆ పిల్ల చెయ్యి కూడా ఉండవలసిన తీరులో లేదు. ఏడవలేదు. "అమ్మా" అంది, అంతే, అదీ మెల్లగానే. వాకిట్లోకి దిగిన నర్సమ్మ గిరుక్కున తిరిగి వచ్చింది. చెయ్యి చూసింది. లెక్కల సారు చేతిలోంచి బెత్తం లాక్కుని, మోకాలికి ఆనించి రెండు ముక్కలు చేసింది. ఆ ముక్కల్ని అటూ ఇటూ పెట్టి, సంచీలో గుడ్డపట్టీలతో కట్టేసింది. "పెద్ద దవాఖానాకు పోవాలె. బస్సు మళ్ళ రేపు పొద్దుగాలనే గదా" అంటూ అటు గుమ్మంలో ఏడుస్తున్న గూడెం మనిషిని, ఇటు కూతుర్ని చూసింది. ఆవిడ కాళ్ళు ఎటు పోవాలో తెలియక నిలబడిపోవడం నేను చూశాను.

అప్పుడు తట్టింది నాకు. ఇన్ని నెలలు రెండో గరిటె కూర తింటుండగా తట్టనిది, ఆ క్షణాన తట్టింది. "అక్కా, నాకు జావ వద్దు. తనను మీతో తీసుకుపోండి" అన్నాను. నర్సమ్మ నన్ను చూసింది, కూతుర్ని చూసింది. "నడువు. నాతోని నడువు" అంది. హెడ్మాస్టరు గారు, "మీరు కూడా వెళ్ళండమ్మా, పిల్ల చెయ్యి పట్టుకోడానికి. బీరువా సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. (పట్టుకోవడానికి లేకుండా విరిగింది ఆ చెయ్యే అని ఆయనకు ఆ కంగారులో తోచలేదు.)

మోకాలి లోతు వాగు దాటి, టేకు చెట్ల మధ్య దారిలో గూడెం చేరాం. నర్సమ్మ గుడిసెలోకి పోతూ, అక్కడి ముసలావిడతో వాళ్ళ భాషలో గబగబా ఏదో మాట్లాడింది. నేనూ ఆ పిల్లా చూరు కింద కూచున్నాం.

"టీచర్, మా అమ్మకు గీ భాష ఎట్లొచ్చు?"

"నాకేం తెలుసు?"

"నాకు గూడ తెల్వది" అంది ఆ పిల్ల. అని చాలాసేపు ఆ గుడిసె తలుపు వైపే చూసింది.

కాసేపటికి ముసలావిడ నీళ్ళ కుండ కోసం బయటికొచ్చి, ఆ పిల్ల ముందు ఆగి, భుజం నొక్కి చూసింది. "నువ్వేనా, జరం రాని పిల్లవి? మీ అమ్మ సూది గుచ్చినప్పుడల్ల నీ ముచ్చటే. మా బిడ్డ ఏడ్వదు, మా బిడ్డకు మస్తు బలం, మా బిడ్డ పది చదువుతున్నది అని. ఆ వాగు పొంటి ఉన్న గూడేలన్నిట్ల గిదే ముచ్చట. మా పోరగాండ్లకు నువ్వంటే భయం" అంది. వాగవతలి పిల్లల్ని ఆ పిల్ల అప్పటిదాకా చూసి కూడా ఉండదు. కొట్టకుండానే అక్కడ కూడా పేరు పడింది. ఆ మాటకు ఆ పిల్ల ముఖం ఎలా మారిందో చూసి చెప్పవలసిన బాధ్యత నామీద ఉంది గాని, సరిగ్గా అప్పుడే గుడిసెలోంచి పెద్ద కేక వినపడి నేను స్పృహ తప్పాను.

ఎక్కువసేపు కాదు. ఆ పిల్లే ఎడమచేత్తో చెంప మీద కొట్టి లేపింది. రెండోసారి కొట్టేసరికి నేను లేచే ఉన్నాను. మూడోసారి కొట్టబోతుంటే, "లేచిన, లేచిన" అని చెప్పుకోవలసి వచ్చింది. లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. మగపిల్లవాడట. తల్లీ పిల్లా క్షేమం. నర్సమ్మ చేతులు కడుక్కుంటూ బయటికొచ్చి, నా తెల్లముఖం చూసి, రెండు అడుగులు నావైపు వేసి, ఆగి, కూతురి పక్కన పోయి కూచుంది.

తిరుగుదారిలో వాళ్ళిద్దరూ ముందు, నేను వెనక. పొద్దు ఇంకా వాలలేదు. వాగు ఒడ్డున నర్సమ్మ మళ్ళీ అడిగింది.

"ఎందుకు కొట్టినవే వాళ్ళందర్ని?"

"నువ్వు అందరి సంగతి అడుగుతవ్" అంది ఆ పిల్ల.

నర్సమ్మ కూతురి చేతి కట్టు వైపు చూసింది. తర్వాత, "చెయ్యి నొస్తుందా?" అంది.

"నొస్తుంది."

"మరి చెప్పవేందే?"

"నువ్వు అడగలే గదా."

నా చెప్పుల్లో ఇసక చేరింది. తీసుకునే మిషమీద నేను అక్కడే చాలాసేపు కూచున్నాను. వెనక్కి తిరిగి చూసి, నా కోసం ఆగినవాళ్ళెవరూ లేరు. అలా ఆగకపోవడం ఎంత మంచిదో తెలిసినా, కొంచెం చివుక్కుమంది.

మర్నాడు పెద్ద దవాఖానాలో సిమెంటు కట్టు వేశారు. బళ్ళో బీరువా తలుపు సొట్టపడి ఎంత లాగినా తెరుచుకోలేదు. టి.సి. పుస్తకం ఆ బీరువాలోనే ఉంది. తెరిచే మనిషి కొత్తగూడెం నుంచి రావాలి. అతను ఇవాళొస్తా రేపొస్తా అని కబుర్లు పంపుతూ ఉండగానే, నర్సమ్మ సర్పంచి గారి తమ్ముడింటికి పోయి, పన్ను విరిగినవాడి తల నిమిరి, వాళ్ళ నాన్నతో "తప్పు నాది" అని చెప్పి వచ్చింది. కూతుర్ని వెంటబెట్టుకుని పోయింది. బీరువా తెరిచేసరికి టి.సి. అడిగిన మనిషే ఆ సంగతి మరిచిపోయాడు.

కుడిచెయ్యి కదా, కట్టు ఉన్నన్నాళ్ళూ తల్లే అన్నం కలిపి తినిపించవలసి వచ్చింది. జడ తల్లే వేసేది. ఎంత దూరం గూడెం పోయినా ముద్ద వేళకు ఇల్లు చేరేది. తినిపిస్తూ ఊళ్ళో వాళ్ళ సంగతులు చెప్పేది. కూతురు కూడా బడి సంగతులు చెప్పేది. ఎడమచెయ్యి ఖాళీగానే ఉన్నా, ఆ నెలల్లో బళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. దర్జీ వాళ్ళ పిల్లవాడు లావయ్యాడు.

తర్వాత సిమెంటు కట్టు తీసేశారు. అయినా "ఇంకా నొస్తుందే అమ్మా" అని ఆ పిల్ల మెడకు గుడ్డ వేలాడేసుకునే తిరిగేది. నర్సమ్మ రోజూ పొద్దున్నే పాత పట్టీ విప్పి, కొత్త పట్టీ చుట్టేది. ఓ రోజు నేను బడినుంచి ముందుగా వచ్చి చూద్దును కదా, ఆ పిల్ల రెండు చేతులా బావిలోంచి నిండు చేద లాగుతోంది. వీధిలో వాళ్ళమ్మ గొంతు వినపడగానే చెయ్యి మళ్ళీ గుడ్డలోకి పోయింది. ఇది నా వృత్తిధర్మం కాబట్టి, నర్సమ్మను పక్కకు పిలిచి, నా పరిశీలన ఆవిడ ముందు పెట్టాను.

"రోజు కట్టు కట్టేదాన్ని, నాకు తెల్వదా బిడ్డా? ఎముక ఎప్పుడో అతికింది" అంది నర్సమ్మ. "కట్టు విప్పితే అన్నం తినిపిచ్చుకోనియ్యదు. పెద్దపిల్ల గదా, సిగ్గుపడ్తది. నువ్వు దానికేం చెప్పకు."

ఆ సాయంత్రమే ఆ పిల్ల నన్ను బావి దగ్గర ఆపింది. "టీచర్, ఇందాక మీరు చూసిన్రు. మా అమ్మకు చెప్పకున్రి. నాకు తినిపిస్తే అమ్మ మస్తు ఖుషీగుంటది. ఉండనియ్యిన్రి."

పిల్లల మనస్తత్వంలో అత్యధిక మార్కులు తెచ్చుకున్న నేను, ఇద్దరికీ మాటిచ్చి నోరు మూసుకున్నాను. పరీక్షలకు ముందురోజు ఆ గుడ్డ దానంతటదే మాయమైంది. ఆ పిల్ల కుడిచేత్తోనే రాసి సెకండ్ క్లాసులో పాసైంది.

ఇక్కడితో కథ అయిపోతే నా మర్యాద దక్కేది. కాని ఆ నెలల్లో నాకూ కొన్ని మార్పులు వచ్చాయి. నర్సమ్మ నాకు కూర ఇవ్వడం మానలేదు, గిన్నెలో పెట్టి గదికి పంపేది. గరిటె మాత్రం రెండోసారి వచ్చేది కాదు. ఆదివారం నా తలకు నేనే నూనె పెట్టుకున్నాను. చేతులు వీపువైపు అందేవి కావు. అన్నం మాడేది. ఎనిమిదో తరగతిలో ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడని చాక్‌పీసు విసిరాను. ఇంకొకడు నవ్వాడని డస్టరు విసిరాను. అటెండెన్సు పలకడంలో ఆలస్యం చేసినవాణ్ణి చెవి మెలేశాను. లెక్కల సారు స్టాఫ్ రూములో నా వైపు గౌరవంగా చూడడం మొదలుపెట్టారు. "కొత్త బెత్తం తెప్పిస్తున్న మేడం, మీకు గూడ ఒకటి చెప్పమంటారా?" అని అడిగారు. "చెప్పండి" అన్నాను.

ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు గదికి పిలిచారు. తలుపు బాగైన బీరువా పక్కన కూచోబెట్టారు. పిల్లల్ని కొట్టొద్దని చెబుతారేమోనని నేను జవాబులు సిద్ధం చేసుకుంటున్నాను.

"ఏమ్మా, ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయింది?" అన్నారు.

వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, మధ్యలో ఆపి కళ్ళు తుడుచుకున్నాను. ఆయన సెలవు కాగితం తనే రాసి, సంతకం ఒక్కటీ నాచేత పెట్టించారు. "శని, సోమ వేసుకోండి. మంగళవారం రండి. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పండి" అన్నారు. ఆయన ఏ పేపర్లో ఎన్ని మార్కులు తెచ్చుకున్నారో నేనెప్పుడూ అడగలేదు.

వైరాలో బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టగానే, "ఇదేందే, గిట్లయినవ్" అని అమ్మ తిట్టడం మొదలుపెట్టింది. ఆదివారమంతా తిట్టింది. తిడుతూ వండింది, తిడుతూ వడ్డించింది, నేను మళ్ళీ బస్సెక్కేదాకా తిట్టింది. అంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. మంగళవారం ఎనిమిదో తరగతిలో ఆ పిల్లవాడు మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేనూ పోయి వాడి పక్కన నిలబడి చూశాను. బయట ఏమీ లేదు, ఒక మేక ఉంది. బాగానే ఉంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌నై, రిటైరై కూచున్నాను. విసిరిన చాక్‌పీసులు చాలా తక్కువ. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఏ కారణం లేకుండా ఒక్కో రోజు పాలవాడి మీద, ఫోన్లో తప్పు నంబరు వాడి మీద కోపం ముంచుకొస్తుంది. చేతికి అందిన వస్తువు విసరబుద్దవుతుంది. సంగతేమిటో నాకు తెలుసు, ఎన్నాళ్ళయిందో కూడా తెలుసు. ఎవరిని సెలవు అడగాలో మాత్రం తెలియక, కాసేపు అలాగే కూచుని, లేచి పోయి పాలు కాచుకుంటాను.